నరాల మధ్య ఉన్నది తీగ కాదు, ఖాళీ
నాడీకణాలు కరెంటు తీగల్లా అతుక్కుని ఉంటాయని, సంకేతం ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా వెళ్తుందని మీ వ్యాసంలో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోను. గ్యాప్ జంక్షన్లు (పక్కపక్క కణాలను నేరుగా కలిపే సన్నటి దారులు) ఉన్న కొన్ని చోట్ల విద్యుత్తు నేరుగా వెళ్లే మాట నిజమే గానీ, మన శరీరంలో ఎక్కువ సినాప్స్‌లు (నాడీకణం ఇంకో కణానికి సంకేతం అందించే చోట్లు) రసాయనాలతో పనిచేసేవే. కణాల మధ్య 20 నుంచి 40 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. విద్యుత్ సంకేతం కణం చివరిదాకా రాగానే కాల్షియం లోపలికి వస్తుంది, చిన్న తిత్తుల్లోని రసాయనం ఆ ఖాళీలోకి విడుదలై అవతలి కణం మీద దాన్ని పట్టుకునే గ్రాహకాలను చేరుతుంది. 1921లోనే ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో ఇది చూపించారు. ఒక గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తాకిన ద్రవాన్ని రెండో గుండెకు ఇస్తే అదీ నెమ్మదించింది. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్. ఇది పుస్తకాలకే పరిమితమైన విషయం కాదండీ. గాజువాకలో ఉండే మా పిన్నికి మయస్తీనియా గ్రేవిస్ అనే, కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు. పొద్దున బాగానే ఉండేది, సాయంత్రానికి రెప్పలు వాలిపోయేవి, అన్నం నమలడానికే ఓపిక ఉండేది కాదు. బద్ధకం అన్నవాళ్లూ ఉన్నారు, ఎంత బాధేసిందో! నరమూ బాగుంది, కండరమూ బాగుంది. రెండూ కలిసే చోట కండరం మీది గ్రాహకాలను సొంత రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తోంది. పిరిడోస్టిగ్మిన్ మాత్ర అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది. అది వేసుకున్న గంటలోపే వాలిన రెప్ప పైకి లేవడం నేను దగ్గరుండి చూశాను. ఉన్నవి ఉత్త తీగలే అయితే ఆ మాత్రకు అక్కడ పనేముంది? నీట్‌కి చదివే పిల్లలు కూడా ఇలాంటివి చదువుతారు, దయచేసి ఆ పేరా సరిచేయండి.