సిపాయి నుంచి సేనాని దాకా ఏడు పేజీల్లోనా?

ఈమధ్య తిరుపతిలో ఒక కాలేజీ కథల పోటీకి వచ్చిన రాతప్రతులు చదివే పని నా మీద పడింది. ప్రేమ కథలు, అమ్మ కథలు మామూలే. వాటి మధ్యలో ఒకటి మాత్రం వేరే రకం. 22వ శతాబ్దం, భూమి చుట్టూ కక్ష్యలో యుద్ధం, పలమనేరు దగ్గరి పల్లె నుంచి సైన్యంలో చేరిన కుర్రాడు. ఏడు పేజీల్లో సిపాయి కాస్తా మహాసేనాని అయిపోతాడు. తెలుగులో మిలిటరీ సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లే అరుదు కాబట్టి ముందు సంతోషం వేసింది. నాలుగో పేజీకి వచ్చేసరికి విసుగు మొదలైంది. అప్పటికి మూడు ప్రమోషన్లు అయిపోయాయి. ఈలోగా ఆ కుర్రాడికి ఎవరూ జీతం ఇవ్వలేదు, సెలవు అడిగితే కాదనలేదు, ఒక్క తప్పుడు ఆర్డర్ కూడా వెయ్యలేదు.

మన కథల్లో వీరుడు ఎదగడు, బయటపడతాడు. పుట్టుకతోనే వీరుడు, లోకానికి ఆ సంగతి తెలియడానికి కాస్త టైమ్ పడుతుంది, అంతే. గురువు గుర్తుపడతాడు, శత్రువు అవమానిస్తాడు, చివర్లో సింహాసనం. పురాణాల నుంచి సినిమా ఇంటర్వెల్ దాకా ఇదే వరస. అతని చేతికి లేజర్ తుపాకీ ఇచ్చినంత మాత్రాన అది సైన్స్ ఫిక్షన్ అయిపోదు. సైన్యంలో మనిషి పైకి రావడానికి కొన్ని పద్ధతులున్నాయి, తొక్కివేయబడటానికీ ఉన్నాయి. ఏదో ఒక కొత్త సాంకేతికత వచ్చి ఆ పద్ధతుల్ని తలకిందులు చేస్తే మనిషి ఏమవుతాడన్నదే ఈ రకం కథకు ప్రాణం.

ఇందుకు నాకు తోచే గట్టి ఉదాహరణ జో హాల్డమన్ 1974లో తెచ్చిన ‘ది ఫరెవర్ వార్’. ఆయన వియత్నాం యుద్ధంలో గాయపడి వచ్చిన మనిషి. నవలలో సైనికులు కాంతివేగానికి దగ్గరగా ప్రయాణిస్తారు. వాళ్లకు నెలలు గడిస్తే భూమ్మీద ఏళ్లూ శతాబ్దాలూ గడిచిపోతాయి. మామూలు సైనికుడిగా చేరిన కథానాయకుడు చివరికి మేజర్ అవుతాడు. పెద్ద పరాక్రమం ఏమీ ఉండదు, ప్రాణాలతో మిగులుతాడు, సర్వీసు పెరుగుతుంది. ఫిజిక్స్ తీసేస్తే ఆ ప్రమోషన్‌కు అర్థమే లేదు. పలమనేరు కుర్రాడి కథలో అంతరిక్షం తీసేసి పానిపట్టు పెట్టినా పెద్దగా ఏమీ మార్చక్కర్లేదు.

మన దగ్గర సరుకు లేదా అంటే, బోలెడుంది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలోనే. ఒక యోధుడు ఎలా పైకొస్తాడో చూడాలంటే ఆయన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల దొరకడు. మైసూరు కొలువులో చిన్న హోదాలో ఉంటూ 1749లో దేవనహళ్లి ముట్టడిలో పైవాళ్ల కంట పడ్డాడు. 1755లో దిండిగల్ ఫౌజుదారు, అంటే అక్కడి సైనిక పాలకుడు అయ్యాడు. 1761 నాటికి మైసూరు రాజ్యమే ఆయన చేతిలోకి వచ్చేసింది. చదవడం, రాయడం రాదు. ఇదంతా కత్తి ఒక్కదానితో అయిన పని కాదు. ఖండేరావు అనే లెక్కల మనిషిని పక్కన పెట్టుకున్నాడు. జీతాలు అందక మైసూరు సైన్యం గోలకు దిగినప్పుడు ఆ బాకీలు తీర్చే దారి చూపించి పెద్దమనిషి అయ్యాడు. తర్వాత అదే ఖండేరావు ఎదురు తిరిగి ఓడిపోయాడు. అతన్ని అప్పగిస్తే చిలకను సాకినట్టు సాకుతానని హైదర్ మాటిచ్చాడట. మాట తప్పలేదు. ఇనుప పంజరంలో పెట్టి పాలూ అన్నం పెట్టించాడని చెబుతారు. ఏ కల్పనా దీని ముందు నిలవదు.

ఆయన చావు ఇంకా విచిత్రం. వీపు మీద లేచిన రాచపుండు తీసుకుపోయింది. కొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. అతను వచ్చేదాకా సంగతి పొక్కకూడదని శవాన్ని సుగంధద్రవ్యాలు నింపిన పెట్టెలో ఉంచి, ఖజానా తరలిస్తున్నట్టుగా కోలారుకు పంపారు. విడిదిలో దొర బతికున్నట్టే పనులు నడిపించారు. దీన్ని 22వ శతాబ్దానికి తీసుకుపోవడానికి ఏం కావాలి? సేనాని గొంతునూ నిర్ణయాలనూ అచ్చుగుద్దినట్టు పుట్టించే ఒక సాఫ్ట్‌వేర్ చాలు. ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. వాటిని తు.చ. తప్పకుండా పాటించి పైకొచ్చిన కింది అధికారికి ఒకరోజు నిజం తెలుస్తుంది. తన భుజం మీది నక్షత్రం ఎవరిచ్చినట్టు? నాకైతే కక్ష్యలో జరిగే పది యుద్ధాలకన్నా ఈ ఒక్క ప్రశ్న మీద ఆసక్తి ఎక్కువ.

కక్ష్య అంటే గుర్తొచ్చింది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. 2019 జనవరి 24న అక్కడి నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ44 రాకెట్ మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. రెండు నెలలు దాటాయో లేదో, మార్చి 27న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలామ్ దీవి నుంచి వెళ్లిన మన క్షిపణే దాన్ని సుమారు 300 కి.మీ. ఎత్తులో పేల్చేసింది. మిషన్ శక్తి అన్నారు. మూడు నిమిషాల్లో పని పూర్తి. అందులో యోధుడెవరు? గురిపెట్టింది కంప్యూటర్లు, లెక్కలు వేసింది ఇంజినీర్లు. అలాంటి యుద్ధంలో ‘గుండె ధైర్యంతో ముందుకు దూకాడు’ అని రాస్తే నవ్వొస్తుంది. ధైర్యం అక్కడా అవసరమే, కాకపోతే బటన్ నొక్కొద్దని పైఅధికారికి చెప్పేవాడికి అవసరం. అలా చెప్పినవాడికి ప్రమోషన్ వస్తుందో రాదో రచయితే తేల్చుకోవాలి.

ఇంకోవైపు, సైన్యంలో పైకెక్కే ఆ నిచ్చెనే మన కళ్ల ముందు మారిపోతోంది. తెల్లవారుజామున తిరుపతిలో ఏ గ్రౌండుకు వెళ్లినా చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లు కనబడతారు. సైన్యం భర్తీ ర్యాలీలో 1.6 కి.మీ. పరుగు గట్టెక్కాలి, అదే టెన్షన్. సిపాయిల భర్తీకి అగ్నిపథ్ పథకం వచ్చింది 2022 జూన్‌లో. నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత పాతిక శాతం మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్లు సేవానిధి పేరిట సుమారు 11.71 లక్షల రూపాయలు తీసుకుని ఇంటికి రావాలి. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ అంటూ మెట్టుకూ మెట్టుకూ ఏళ్లు పట్టే దారిలో నాలుగేళ్లంటే ఎంత? ఈ పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సైన్స్ ఫిక్షన్ రాసేవాడికి మాత్రం ఇది అందుబాటులో ఉన్న భవిష్యత్తు. గడువు తీరాక ఎవరుండాలో ఎవరు పోవాలో ఒక అల్గారిథమ్ తేలుస్తుందనుకోండి. ఒకే బ్యారక్‌లో పడుకునే నలుగురు మిత్రులు ఆ నెలలో ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారు?

ఒక్క మెట్టు కూడా చిన్నది కాదు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించిన బి. సాయితేజది అప్పటి చిత్తూరు జిల్లా, కురబలకోట మండలం ఎగువరేగడ. త్రిదళాధిపతికి రక్షణగా నిలబడిన ఆ మనిషి హోదా లాన్స్ నాయక్. సిపాయికి ఒక్క మెట్టు పైన. మన కుర్ర రచయిత ఆ మెట్టును సగం వాక్యంలో దాటించేశాడు.

పోటీకి నాతోపాటు జడ్జిగా ఉన్న ఒకాయన దీనికి ఒప్పుకోలేదు. చదివే కుర్రాడికి ఉత్సాహం రావాలి కదా, గెలుపు చూపిస్తే తప్పేంటని ఆయన వాదన. తప్పు లేదు. నవల అయితే నేనూ అడ్డం చెప్పను. కథకు అంత చోటు లేదు. ఏడు పేజీల్లో ఒక్క మెట్టు ఎక్కించగలిగితే గొప్ప, అదీ ఆ మెట్టుకు ఏం వెల కట్టాల్సి వచ్చిందో చెప్పగలిగితేనే.

చిత్రమేమిటంటే అలాంటి చోటు ఆ రాతప్రతిలోనే ఉంది, రెండో పేజీలో. మా తిరుపతి వైపు టోల్‌గేట్ వల్లే చాలామందికి తెలిసిన గాదంకిలో వాతావరణ పరిశోధన రాడార్ ఒకటి ఉంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో వరసకు 32 చొప్పున 1,024 యాంటెనాలు. ఆకాశంలో పైపొరల్లో గాలుల కదలికను పట్టుకుంటుంది. ఈ కథలో యుద్ధం వచ్చాక సైన్యం దాన్ని తీసుకుంటుంది. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడికి తెర మీద ఏదో కదులుతుంది. గాలి అని లాగ్‌బుక్‌లో, అంటే డ్యూటీ రిజిస్టరులో రాయమంటాడు హవల్దార్. గాలి కాదని కుర్రాడికి తెలుసు. అయినా సంతకం పెడతాడు. వారం తిరక్కుండా లాన్స్ నాయక్ అవుతాడు. నాలుగంటే నాలుగు లైన్లు. అయిదో లైన్‌లో రచయిత అతన్ని రాకెట్ ఎక్కించి పంపేశాడు. మార్కుల కాగితం వెనక నేను రాసిందల్లా ఒకటే: రాకెట్ కొట్టెయ్, ఆ లాగ్‌బుక్ దగ్గరే ఉండు, ఆ రాత్రి కదిలింది ఏమిటో, ఎవరి మీద పడిందో రాయి.