పూలు చల్లారు సరే, పడుకునే గది ఏది?

2020 మే 3న కోవిడ్ వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద వైమానిక దళం హెలికాప్టర్ పూలు చల్లింది. ఐదు వారాలు దాటాయో లేదో, జూన్ 9 రాత్రి, అదే ఆసుపత్రిలో కోవిడ్‌తో చనిపోయిన ఒక పేషెంటు బంధువులు డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్‌ను కొట్టారు. జూడాలు (జూనియర్ డాక్టర్లు) రోడ్డు మీద బైఠాయించారు. వాళ్ల డిమాండ్లలో సెక్యూరిటీ ఉంది, ఒంటికి రక్షణగా వేసుకునే పీపీఈ కిట్లు ఉన్నాయి. వాటితో పాటు గట్టిగా అడిగింది ఇంకొకటి: రాష్ట్రంలోని కోవిడ్ కేసులన్నీ ఒక్క గాంధీకే పంపకండి, మిగతా ఆసుపత్రుల్లోనూ చేర్చుకోండి అని. దెబ్బలు తిన్నవాళ్లు పోలీసు కాపలాతో సరిపెట్టుకోకుండా పని భారం గురించి మాట్లాడటం అప్పట్లో కొందరికి వింతగా అనిపించింది. వాళ్లకు మాత్రం రెండూ ఒకటే.

మహమ్మారి రోజుల్లో వైద్య సిబ్బంది ఎలా తట్టుకున్నారంటే మనకు ధైర్యం, త్యాగం, దేవుళ్లు అనే మాటలే నోటికొస్తాయి. నాకు ఆ మాటల మీద కాస్త అనుమానం. దేవుడికి ఆకలి వేయదు, నిద్ర రాదు, ఒకటో తారీఖున జీతం అక్కర్లేదు. మనిషిని దేవుణ్ని చేసేస్తే ఈ మూడూ ఎగ్గొట్టడం తేలిక.

చైనాలోని చాంగ్షా నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి 2020 మొదట్లోనే తన సిబ్బంది కోసం మానసిక నిపుణుల బృందాన్ని పెట్టింది. ఆన్‌లైన్ పాఠాలు, హాట్‌లైన్, గ్రూప్ కౌన్సెలింగ్ అన్నీ సిద్ధం చేశారు. నర్సులు వెళ్లలేదు. చిరాకు పడుతున్నారు, నిద్రపోవడం లేదు, అయినా మాకేమీ సమస్య లేదు అన్నారు. అసలేం కావాలని కూర్చోబెట్టి అడిగితే తేలింది ఇది: మధ్యలో ఎవరూ లేపకుండా కాసేపు పడుకోవాలి, సరిపడా రక్షణ సామగ్రి కావాలి. ఆసుపత్రి వాళ్లు పద్ధతి మార్చారు. విశ్రాంతికి చోటు చూపించారు, తిండి ఏర్పాటు చేశారు. తమ పని ఎలా ఉందో ఇంట్లోవాళ్లకు చూపించుకోవడానికి వీడియోలు తీయించారు. కౌన్సెలర్లు ఆ విశ్రాంతి గదికే వెళ్లి, చెప్పింది వింటూ కూర్చున్నారు. ఈ సంగతి లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో అచ్చయింది. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనబడింది యోగా పోస్టర్లు, హెల్ప్‌లైన్ నంబర్లే. అవి తప్పని అనను. నైట్ డ్యూటీ దిగి కుర్చీలోనే కునుకు తీసే సిస్టర్‌కు ఆ నంబరుతో పనేముంది?

కోవిడ్ వార్డులో డ్యూటీ అంటే కిట్టు వేసుకున్న దగ్గర్నుంచి మంచినీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. పెద్దవాళ్ల డైపర్లు వేసుకుని డ్యూటీ చేసినవాళ్లున్నారు. కళ్లద్దాలు ఆవిరి పట్టి, సెలైన్ పెట్టడానికి నరం దొరకదు. ముఖాలు కనబడవు కాబట్టి వీపు మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్లు. ఇదంతా టీవీల్లో చూశాం. అసలు గండం కిట్టు విప్పేటప్పుడు ఉంటుంది, దాన్ని డాఫింగ్ అంటారు. ముందు బయటి గ్లౌజులు. తర్వాత ఒళ్లంతా కప్పే సూటుని, అంటే కవరాల్‌ని, లోపలి వైపు బయటికి తిరిగేలా చుట్టుకుంటూ కిందికి దించాలి. తర్వాత కళ్లద్దాలు. మాస్కు ఆఖరున, అదీ ముందు భాగం ముట్టుకోకుండా వెనక పట్టీలు పట్టుకుని తీయాలి. ప్రతి మెట్టుకూ మధ్య చేతులు శుభ్రం చేసుకోవాలి. నాలుక పిడచగట్టి, ఎప్పుడెప్పుడు పీకేద్దామా అనిపించే సమయంలో ఇంత నిదానం కావాలన్నమాట. అందుకే ఎదురుగా ఒకరు నిలబడి ‘ఆగండి మేడమ్, ముందు చేతులు’ అని చెబుతుండాలి. ఆ ఒక్కరిని నిలబెట్టాలంటే స్టాఫ్ ఉండాలి, డాఫింగ్‌కు వేరే గది ఉండాలి.

ఇంత జాగ్రత్తగా విప్పి, ఇరుకు డ్యూటీ రూమ్‌లో మాస్కు తీసి నలుగురూ కలిసి టిఫిన్ బాక్సులు తెరిస్తే? పేషెంటు దగ్గర అంటకుండా తోటివాళ్ల దగ్గర అంటించుకున్నవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. దీన్ని సిబ్బంది నిర్లక్ష్యం అనేయడం నాకు నచ్చదు. తినడానికి కిటికీ ఉన్న గది లేకపోవడం వాళ్ల తప్పు కాదు.

పైనుంచి వచ్చిన సలహాలూ అంత సూటిగా లేవు. కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న ట్వీట్ చేసింది. వ్యాపిస్తుందని స్పష్టంగా ఒప్పుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోగా ఎన్‌95 ఎవరికి, మామూలు మాస్కు ఎవరికి అనే పంపకం జరిగిపోయింది. ఇంటింటికీ తిరిగే ఆశాలకు, ఏఎన్‌ఎంలకు మన మార్గదర్శకాల్లో దక్కింది మూడు పొరల మాస్కు. మాస్కుల కరువెంతంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోనే ఒక్కొక్కరికి ఐదు ఎన్‌95లు ఇచ్చి, కాగితం సంచుల్లో ఆరబెట్టుకుంటూ 20 రోజులు సరిపెట్టుకోమన్నారు. ఎయిమ్స్‌లోనే అలా ఉంటే మండల పీహెచ్‌సీ సంగతి ఊహించుకోవచ్చు.

మాస్కులు, కిట్లు లేవని చెప్పినవాళ్లకు ఏమైందో కూడా చూశాం. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే డాక్టర్ సుధాకర్ అవి చాలడం లేదని 2020 ఏప్రిల్‌లో బహిరంగంగా అన్నారు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన వీడియో దేశమంతా తిరిగింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి ఆయన చనిపోయారు. ఆ గొడవలో ఏ పార్టీ ఏమందన్నది పక్కన పెడదాం. స్టోర్‌లో మాస్కులు అయిపోతే ఆ సంగతి అందరికంటే ముందు తెలిసేది వార్డులో పనిచేసేవాళ్లకే. వాళ్లు భయంతో నోరు మూసుకుంటే, సూపరింటెండెంట్ పంపే రిపోర్టులో అన్నీ ఉన్నట్టే ఉంటుంది.

దాడులకు చట్టం తెచ్చారు. 2020 ఏప్రిల్ ఆర్డినెన్స్ ప్రకారం తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. మంచిదే. అయితే అది దెబ్బ పడ్డాక పనికొచ్చేది. లోపలున్న మనిషి ఎలా ఉన్నాడో రోజుల తరబడి తెలియక గేటు దగ్గర పడిగాపులు కాసే బంధువుకు, రోజూ సాయంత్రం ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పే మనిషి ఉంటే సగం గొడవలు తగ్గుతాయని నా నమ్మకం. అదీ స్టాఫ్ సంగతే.

క్వారంటైన్ కోసం, జీతం కోసం ఒక డాక్టర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. కోవిడ్ డ్యూటీ చేసేవాళ్లకు జీతాలు సకాలంలో ఇవ్వాలని, క్వారంటైన్ కాదనొద్దని 2020 జూన్ 17న కోర్టు చెప్పింది. ఎంతమంది చనిపోయారన్న లెక్క ఇంకా అన్యాయం. ఆ వివరాలు కేంద్రం దగ్గర లేవని సెప్టెంబరులో రాజ్యసభకు చెప్పారు. డాక్టర్ల సంఘమైన ఐఎంఏకు కోపమొచ్చి 382 మంది డాక్టర్ల జాబితా బయటపెట్టింది. ఆయాలకు, వార్డు బాయ్‌లకు, శవాలు మూటగట్టినవాళ్లకు అంత గొంతున్న సంఘం లేదు. 2021 జనవరి 16న గాంధీలో మొదటి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికే వేశారు, మర్యాదగానే ఉంది. 2022లో ఆశాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది, అదీ బాగుంది. కోవిడ్ పనికి ఆశాలకు అదనంగా ఇచ్చింది మాత్రం నెలకు 1,000 రూపాయలు.

మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చేయాలని అడిగితే నేను మొదలు పెట్టేది ఔట్‌సోర్సింగ్ టెండర్ కాగితం దగ్గర. పారిశుద్ధ్యం, పేషెంట్ కేర్, సెక్యూరిటీ ఏజెన్సీల చేతిలో ఉన్నాయి కాబట్టి, మనిషికి ఎన్ని మాస్కులు, కిట్టు విప్పడం ఎవరు నేర్పుతారు, పాజిటివ్ వచ్చిన రోజులకు జీతం ఎవరిస్తారు అన్నవి అందులోనే షరతులుగా రాయాలి. కిట్లు లేవని చెప్పినవాళ్ల మీద చర్య ఉండదని ఆరోగ్య శాఖ ముందే జీవో ఇవ్వాలి. పడుకునే గది కూడా ఆ జాబితాలో ఉండాలి, లోపలి నుంచి గడియ పడేలా.