రివర్సో డ్యూయోఫేస్‌లో ఉన్నవి రెండు వాచీలు కావు

స్విస్ కంపెనీ జేజర్-లకూల్ట్ వారి రివర్సో డ్యూయోఫేస్ అనే చేతి గడియారంలో కేసు తిప్పితే వెనక ఇంకో డయల్ కనిపిస్తుంది. దాని గురించి తరచూ షేర్ అయ్యే మాటల సారం ఇది: "ముందు హైదరాబాద్ టైము, తిప్పితే డాలస్ టైము. లోపల రెండు యంత్రాలు. 1931లో మన మహారాజులు పోలో కోసం చేయించుకున్నది. కేసు తిప్పితే అద్దానికి భయం లేదు."

"రెండు యంత్రాలు." ఉన్నది ఒకటే. ఆ యంత్రం పేరు కాలిబర్ 854, మందం 3.8 మిల్లీమీటర్లు. స్ప్రింగు ఒకటి, గంటకు 21,600 సార్లు కొట్టుకునే బ్యాలెన్స్ చక్రం ఒకటి, కీ ఇచ్చేదీ ఒక్కచోటే. ముందు ముళ్ళను నడిపే కదలికనే పళ్ళచక్రాలతో వెనక్కి అందించారు. చిక్కేమిటంటే, ముందు నుంచి సవ్యంగా తిరిగే ఇరుసు వెనక నుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది. అందుకే మధ్యలో దిశ మార్చే చక్రం లేకపోతే వెనక గడియారం వెనక్కి నడుస్తుంది. దీని పనితనమంతా ఆ పలచటి మందంలో ఇది ఇమడ్చడంలోనే ఉంది. రెండు యంత్రాలు కుక్కడమైతే ఎవరైనా చేస్తారు. ఇక్కడ యంత్రం ఒకటే గనక ముందు డయల్ రెండు నిమిషాలు వెనకబడితే వెనకదీ రెండు నిమిషాలు వెనకబడుతుంది.

"ముందు హైదరాబాద్, వెనక డాలస్." మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. నిమిషాలు రెండు వైపులా ఒకటే. విడిగా మార్చుకోగలిగేది వెనక గంటల ముల్లు ఒక్కటే, అదీ గంట చొప్పునే. లండన్–న్యూయార్క్, దుబాయ్–సింగపూర్ జంటలకు ఇది సరిగ్గా సరిపోతుంది. మన టైము గ్రీనిచ్‌కి అయిదున్నర గంటలు ముందుంది కాబట్టి అమెరికాలో ఎక్కడితో పోల్చినా అరగంట మిగిలిపోతుంది. హైదరాబాద్‌లో రాత్రి 9:30 అయితే వేసవిలో డాలస్‌లో ఉదయం 11:00. వెనక డయల్ అయితే 10:30 చూపిస్తుంది, లేదా 11:30. నడుమ ఇంకోటి కుదరదు. 11:30కి పెట్టుకుని ఎప్పుడూ అరగంట తీసేసుకోవడం ఒక పద్ధతి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పినప్పుడు ఒక గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి. వెనక డయల్ మీది చిన్న 24 గంటల సూచిక అక్కడ పగలో రాత్రో చెబుతుంది. అర్ధరాత్రి ఫోను చేసి నిద్ర లేపకుండా ఉండటానికి నిజంగా పనికొచ్చేది అదే.

ముళ్ళు ఊడదీసి అరగంట తేడాతో మళ్ళీ బిగించడం యంత్రపరంగా అసాధ్యమేమీ కాదు. కానీ ఆ తర్వాత లండన్–న్యూయార్క్ జంట తప్పిపోతుంది.

"మహారాజులు చేయించారు." పోలో నిజం, ఇండియా నిజం. ఆటలో అద్దాలు పగులుతున్నాయని అడిగింది ఇక్కడి బ్రిటిష్ అధికారులు. ఆ మాట స్విట్జర్లాండ్‌కి మోసుకెళ్ళింది సెజార్ ద త్రే అనే వ్యాపారి. కేసు రూపొందించిన ఇంజనీరు రెనె-ఆల్ఫ్రెడ్ షోవో. పేటెంట్ దరఖాస్తు 1931 మార్చి 4న పారిస్‌లో వేశారు. అప్పుడు వెనక ఉన్నది లోహపు పలక మాత్రమే. తొలి రివర్సోల్లో యంత్రం కూడా తవాన్ అనే వేరే కంపెనీది. రెండో డయల్ వచ్చింది 1994లో. నడుమ మోడలే ఆగిపోయింది; 1972లో జోర్జో కోర్వో అనే ఇటలీ డీలరు మిగిలిన 200 ఖాళీ కేసులు కొని యంత్రాలు పెట్టించి అమ్మడంతో మళ్ళీ ఊపిరి పోసుకుంది.

"అద్దానికి భయం లేదు." పాత రివర్సోకి ఇది వర్తిస్తుంది, డ్యూయోఫేస్‌కి కాదు. తిప్పితే బయటికి వచ్చేది ఇంకో అద్దం! సఫైర్ అద్దం మీద గీతలు సులువుగా పడవుగానీ, గట్టి దెబ్బకి పగలవచ్చు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి: 30 మీటర్లు అని రాసి ఉన్నా ఈతకి పనికిరాదు. కేసు జారే గాడిలో చెమట, దుమ్ము చేరితే తిప్పినప్పుడు గరగరమంటుంది. మెత్తటి పొడి బ్రష్షుతో దులిపితే చాలు. నూనె వేస్తే దుమ్ము ముద్దకట్టి ఇంకా బిగుస్తుంది.