ఇంకో ఏడాది

(రాత్రి భోజనాలయ్యాయి. అన్నాచెల్లెళ్లు వరండాలో కూర్చున్నారు. అన్న కూతురికి పేరుమోసిన కాలేజీలో సీటు కొద్దిలో తప్పిపోయింది. మరో కాలేజీలో భూగర్భశాస్త్రం దొరికింది, వెళ్తానంటోంది. తండ్రి వద్దంటున్నాడు. చెల్లెలు అర్థశాస్త్రం పాఠాలు చెబుతుంది. ఆ వాసన ఆమె మాటల్లో అవసరానికి మించే ఉంటుంది.)

అన్న: ఇంకో ఏడాది చదివి మళ్లీ రాయమంటున్నాను. ఏడాది ఎంతలో గడుస్తుంది?

చెల్లెలు: యాభై దాటినవాడివి, నీకు గడుస్తుంది. దానికి పద్దెనిమిది. స్నేహితులందరూ వెళ్లిపోయాక, తనను కాదన్న పరీక్ష ముందే మళ్లీ కూర్చోవాలి.

అన్న: రెండోసారి రాసి గెలిచినవాళ్లు లేరా?

చెల్లెలు: లేకేం? రాయాలని వాళ్లకు ఉంది కాబట్టి రాశారు. రాస్తానని ఇది నీతో అన్నదా?

అన్న: ఆ వయసులో దానికేం తెలుస్తుంది? ఆ ముద్ర ఒక్కటి పడితే జన్మలో ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. నేను వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ మొదటి ప్రశ్న ఒకటే, ‘ఈ కాలేజీ ఎక్కడుంది?’ అని. తరువాతి ప్రశ్న వినేసరికి నా గొంతు సగం తగ్గిపోయి ఉండేది.

చెల్లెలు: నాకెప్పుడూ చెప్పలేదే.

అన్న: చెప్పుకునే సంగతా అది? సరే, నువ్వు లెక్కల మనిషివి. లెక్కలు చెప్పు.

చెల్లెలు: చెబుతాను. గొప్ప కాలేజీలో చదివినవాడి జీతం ఎక్కువ అని చూసి, అది కాలేజీ మహిమ అనుకుంటాం. లోపలికి వెళ్లే నాటికే వాడు చురుకైనవాడన్న సంగతి మరిచిపోతాం. అమెరికా ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ దీన్ని విడదీసి చూశారు. వాళ్ల పరిశోధన 2002లో అచ్చయింది. 1976లో చేరిన విద్యార్థుల్లో, ఒకే స్థాయి కాలేజీల్లో సీట్లు వచ్చినవాళ్లను తీసుకున్నారు. కొందరు గొప్పచోట చేరారు, కొందరు అంతకన్నా తక్కువ పేరున్న చోటికి వెళ్లారు. సుమారు ఇరవై ఏళ్ల తరువాత చూస్తే సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అన్న: సీటు వచ్చి కాదనుకున్నవాళ్ల మాట అది. దీనికి రానే లేదు.

చెల్లెలు: వస్తున్నాను, ఆగు. ఎక్కడ చేరారన్నదాని కన్నా ఎంత గొప్ప కాలేజీకి దరఖాస్తు పెట్టుకున్నారన్నదే వాళ్ల సంపాదన గురించి ఎక్కువ చెప్పింది. ఆ కాలేజీ సీటు ఇవ్వకపోయినా సరే. అడిగే తెగువ ఉన్న పిల్ల ఎక్కడ చదివినా ఆ తెగువను ఇంట్లో వదిలి వెళ్లదు.

అన్న: నేనూ పేపరు చదువుతానమ్మా. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్తలు గొప్ప కాలేజీల గురించి ఏం తేల్చారు? సగటు జీతం పెద్దగా మారకపోవచ్చు. కానీ అందరికన్నా ఎక్కువ సంపాదించే ఒక శాతం మందిలో చేరే అవకాశం సుమారు సగం మేర పెరుగుతుంది. పేరున్న సంస్థలో ఉద్యోగం దొరికే అవకాశం దాదాపు మూడింతలు. వాళ్లు పోల్చిందెవరిని? వెయిటింగ్ లిస్టులో ఉండి లోపలికి వెళ్లినవాళ్లనూ, వెళ్లలేకపోయినవాళ్లనూ. కొద్దిలో తప్పిన నా కూతురి లాంటివాళ్లనే!

చెల్లెలు: ... అది కాదనలేను.

అన్న: ఇంకా వినాలి నువ్వు. నీ డేల్, క్రూగర్‌ల లెక్కలోనే పేద ఇళ్ల పిల్లలకు గొప్ప కాలేజీ వల్ల లాభం కనిపించింది. సిఫారసు చేసే మేనమామ లేనివాడికి ఆ కాలేజీయే మేనమామ!

(ఈ చోట చెల్లెలు ఓడిందనే నా లెక్క. ఆమె మాత్రం ఓడినట్టు కూర్చోలేదు.)

చెల్లెలు: అన్నయ్యా, ఆ పిల్లవాడెవరో నాకు తెలుసు. నాలుగో తరగతితో ఆపేసిన తండ్రి, ఉద్యోగానికి దరఖాస్తు ఎలా రాయాలో చెప్పే మనిషి లేని ఇల్లు. ఆ పిల్లవాడి కోసమైతే నేనే పట్టుబట్టేదాన్ని. నువ్వు చెప్పిన ప్రతి మాటా వాడి విషయంలో నిజం. నీ కూతురిది ఆ ఇల్లు కాదు. నువ్వు ఇంజినీరువి, వదిన డాక్టరు. దానికి ఎటు చూసినా మేనమామలే.

అన్న: (చాలాసేపటికి) అంటే నాకు రావలసిన సీటు కోసం దాన్ని కూర్చోబెడుతున్నానంటావు.

చెల్లెలు: నేననలేదు.

అన్న: అన్నట్టే ఉంది. మరి ఆ ఒక శాతం సంగతి? అవకాశం ఉండి ఎందుకు వదులుకోవాలి?

చెల్లెలు: ఆ ఒక శాతంలో ఉండాలన్న కోరిక దాని నోట ఎప్పుడైనా విన్నావా? నేను వినలేదు. రాళ్ల గురించి మాత్రం నా చెవులు చిల్లులు పడేలా విన్నాను. పోయిన వారం అక్కడి ప్రొఫెసరుకు ఉత్తరం రాసింది, ఒక రాయి ఫోటో పంపి అదేమిటని. ఆయన రెండు పేజీల జవాబు ఇచ్చాడు.

అన్న: నాకు చూపించలేదు.

చెల్లెలు: మళ్లీ పరీక్ష సంగతి ఎత్తుతావని భయం. నువ్వు ఇంటికి వచ్చే వేళకు తలుపు వేసుకుంటోంది.

అన్న: మంచం కింద ఒక పెట్టె ఉంటుంది, చూశావా? అరలు అరలుగా, ప్రతి రాయికీ ఒక చీటీ. తొమ్మిదో ఏట నేనే కొనిచ్చాను. అప్పుడు దాని చేతిరాత ఎంత వంకరగా ఉండేదో.

చెల్లెలు: పెట్టె నిండిపోయింది. ఇప్పుడు రెండోది కావాలంటోంది.

అన్న: రేపు బంధువులు అడిగితే...

చెల్లెలు: అడుగుతారు. రెండు నెలలు అడిగి, ఇంకెవరి పిల్లల మీదికో మళ్లుతారు.

అన్న: (లేచి నిలబడి) వాళ్లను నిజంగా కొండల మీదికి తీసుకువెళ్తారా? లేక తరగతి గదిలోనే రాళ్లు చూపించి సరిపెడతారా?

చెల్లెలు: నన్నడుగుతావేమిటి? దాని గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.