కొరియన్ అనువాదకుడిని అడగాల్సింది గణితం

నల్గొండ ఫ్లోరైడ్ సమస్యపై ఇంగ్లిష్‌లో రాసిన ఒక సర్వే నివేదికను కొరియన్‌లోకి తేవాలనుకుందాం. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి, మర్రిగూడ బోర్ల నమూనాలు, పట్టికలు. వాటి కింద ఒక వాక్యం: రెండు ఊళ్ల సగటుల మధ్య తేడాకు గణాంక సార్థకత లేదు. భాష మాత్రమే తెలిసినవారి చేతిలో ఇది 'తేడా లేదు' అయిపోతుంది. తేడా ఉందని చెప్పడానికి ఈ నమూనాల ఆధారం చాలదన్నది అసలు సంగతి. శుద్ధి ప్లాంటు ఏ ఊరికి ముందు ఇవ్వాలో ఆ వాక్యం చూసే నిర్ణయిస్తే పరిస్థితి ఏమిటి?

అయినా అనువాదకుల కోసం వెతికేవారు మొదట అడిగేది కొరియన్ భాషా సామర్థ్యాన్ని కొలిచే టోపిక్ పరీక్షలో ఆరో స్థాయి వచ్చిందా అనే. అది ఆ పరీక్షలో అత్యున్నత స్థాయే, కాదనను. కానీ అందులో విస్తృతి (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్న కొలత), సంభావ్యత అడగరు.

శుద్ధ గణితంలో చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. కొరియన్‌లోనూ మనలాగే క్రియ చివర వస్తుంది కాబట్టి ఇంగ్లిష్ వాక్యాన్ని తిరగేసి కట్టాలి. ఆ తిరగేయడంలో 'ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా ఉంటుంది' (రెండూ ఎంత చిన్నవైనా కాగల ధన సంఖ్యలు) అన్నది 'అన్ని ఎప్సిలాన్లకూ సరిపడే ఒకే డెల్టా ఉంటుంది'గా మారిందంటే, ఒక బిందువు దగ్గర ప్రమేయపు అవిచ్ఛిన్నతకు, అంటే దాని విలువ హఠాత్తుగా ఎగిరిపోకపోవడానికి, ఇచ్చిన నిర్వచనం కాస్తా ఆ బిందువు చుట్టూ ప్రమేయం విలువ అసలు మారదని చెబుతుంది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ గణితం చెప్పిన అధ్యాపకులకు ఈ గుంట బాగా తెలుసు.

అంకెలదీ అదే తీరు. మనం లక్షలు, కోట్లలో లెక్కిస్తే వారు పదివేలను 'మన్' అని, పది కోట్లను 'ఒక్' అని లెక్కిస్తారు. బిలియన్ అంటే మనకు వంద కోట్లు, వారికి పది ఒక్‌లు. ఒక్క సున్నా జారితే పట్టిక మొత్తం తప్పే.

సీరియళ్లు చూసి కొరియన్ లిపి నేర్చుకుంటున్న మన పిల్లల ఉత్సాహం ముచ్చటైనదే. కానీ కొరియన్‌లోకి రాయాల్సింది ఆ భాషలోనే గణితం చదివినవారు. పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల్లో గణాంకశాస్త్రం చదివినవారిని మూలం వైపు కూర్చోబెట్టి, అనువాదకుల సందేహాలు తీర్చే పని అప్పగించాలి. నా దృష్టిలో అది చిన్న పని కాదు.

మరి అనువాదకులు ఎక్కడ దొరుకుతారు? ఏజెన్సీల కంటే కొరియా విశ్వవిద్యాలయాల గణిత, గణాంక విభాగాల్లోని పరిశోధక విద్యార్థులే నయం. అంతర్జాతీయ గణిత మహాసభ 2010లో హైదరాబాద్‌లో, 2014లో సియోల్‌లో జరిగింది. కాబట్టి మన ఆచార్యుల్లో ఎవరికైనా అక్కడ పరిచయాలు ఉన్నాయేమో ముందు వాకబు చేయవచ్చు. మనిషి దొరికాక ఒక పేజీ ఇచ్చి చూడాలి: ఒక నిర్వచనం, ఒక పెద్ద సంఖ్య, ఒక సార్థకత వాక్యం. కొరియా గణిత సంఘం, గణాంక సంఘం పదకోశాల్లో దేన్ని అనుసరిస్తారో కూడా అడగాలి. ఆ పేజీకి డబ్బులు మాత్రం ఇవ్వాలి. పరీక్ష పేరుతో ఉచితంగా రాయించుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ.