క్రైస్తవులు: బయటివాళ్లు పెట్టిన పేరు

బైబిల్లోని కొత్త నిబంధన మొత్తం వెతికితే 'క్రైస్తవుడు', 'క్రైస్తవులు' అనే మాట మూడే మూడు చోట్ల దొరుకుతుంది. అపొస్తలుల కార్యములలో రెండుసార్లు, మొదటి పేతురు పత్రికలో ఒకసారి. పౌలు పేరు మీద ఉన్న 13 పత్రికల్లో ఒక్కసారి కూడా లేదు. నాలుగు సువార్తల్లోనూ లేదు. ఆ తొలి తరం వాళ్లు తమను తాము పిలుచుకున్నది వేరే పేర్లతో: శిష్యులు, సహోదరులు, పరిశుద్ధులు, విశ్వసించినవారు. అందరినీ కలిపి ఒక మాటలో చెప్పాల్సి వస్తే 'ఈ మార్గము' అనేవారు. ఇవాళ 200 కోట్లకు పైగా జనానికి ఉన్న పేరు, వాళ్ల మూల గ్రంథంలో ఇంత అరుదుగా ఎందుకుంది? ఆ మూడు చోట్లనూ వరసగా చదివితే కారణం తెలుస్తుంది. మూడింట్లోనూ అది బయటివాళ్ల నోటి మాట.

మొదటిది ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసిన వాక్యం. శిష్యులు మొట్టమొదట అంతియొకయలో క్రైస్తవులు అనబడ్డారని అపొస్తలుల కార్యములు 11:26 చెబుతుంది. ఆ ఊరు ఇప్పటి తుర్కియేలోని అంతాక్యా, 2023 ఫిబ్రవరి భూకంపంలో చాలా భాగం కూలిపోయిన నగరం. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన సెల్యూకస్ క్రీ.పూ. 300లో ఒరొంటెస్ నది ఒడ్డున దాన్ని కట్టించాడు. రోమన్లు సిరియాకు రాజధానిగా చేసుకున్నారు. రోమ్, అలెగ్జాండ్రియాల తర్వాత సామ్రాజ్యంలో చెప్పుకోదగ్గ మహానగరం అదే. గ్రీకులు, సిరియన్లు, రోమన్ సైనికులు, తరాలుగా స్థిరపడిన యూదులు, నాలుగు దిక్కుల నుంచి వచ్చే వర్తకులు అక్కడ కలిసేవారు.

స్తెఫను అనే శిష్యుడి హత్య తర్వాత యెరూషలేము నుంచి చెదరిపోయినవాళ్లు కొందరు అక్కడికి చేరారు. మొదట యూదులకే వాక్యం చెప్పారు. తర్వాత కుప్ర (సైప్రస్) నుంచి, ఉత్తర ఆఫ్రికాలోని కురేనె నుంచి వచ్చినవాళ్లు గ్రీకులతో కూడా మాట్లాడారు. చరిత్రను మలుపు తిప్పిన ఆ మనుషుల పేర్లు అపొస్తలుల కార్యములు రాసిన లూకా రాయలేదు. సంగతి తెలిసి యెరూషలేము సంఘం బర్నబాను పంపింది. ఆయన తార్సు వెళ్లి సౌలును, అంటే పౌలును, వెతికి తీసుకొచ్చాడు. ఇద్దరూ ఏడాది పాటు అక్కడే ఉండి బోధించారు. 13వ అధ్యాయంలో ఆ సంఘ పెద్దల పేర్లు చూడండి. లేవీయుడైన బర్నబా, 'నీగెరు' అనబడిన సుమెయోను, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను, పరిసయ్యుడైన సౌలు. నీగెరు అంటే నలుపు.

పేరు అక్కడే ఎందుకు పుట్టిందో ఈ జాబితాలోనే ఉంది. యెరూషలేములో శిష్యులకు వేరే పేరు అవసరం పడలేదు. దేవాలయానికి వెళ్తున్నారు, సున్నతి ఉన్నవాళ్లే, చూసేవాళ్లకు యూదుల్లోనే ఒక శాఖ. అంతియొకయలో అలా సరిపెట్టడం కుదరలేదు. గ్రీకులు సున్నతి లేకుండానే లోపలికొచ్చారు, తమ పాత గుళ్లకు వెళ్లడం మానేశారు, యూదులతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నారు. ఈ బల్ల ఎంత పెద్ద విషయమో గలతీ పత్రిక రెండో అధ్యాయం చెబుతుంది. పేతురు అంతియొకయకు వచ్చినప్పుడు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేశాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. అందరి ముందే పౌలు ఆయన్ని నిలదీశాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడని పౌలు బాధగా రాసుకున్నాడు. ఇలా కలిసి తినే గుంపుకు ఉన్న పేర్లలో ఏదీ సరిపోలేదు కాబట్టే ఊరు ఒక కొత్త పేరు పెట్టింది.

పెట్టినవాళ్లు యూదులు కాదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. క్రీస్తు అంటే అభిషిక్తుడు, హెబ్రీలో మెస్సీయ. రాజులకూ యాజకులకూ నూనె పోసి అభిషేకించే ఆచారం నుంచి వచ్చిన బిరుదు అది. యేసే ఆ అభిషిక్తుడని ఒప్పుకోనివాళ్లు ఆయన మనుషుల్ని క్రీస్తు పేరుతో ఎందుకు పిలుస్తారు? వాళ్లు వాడిన పేరు 'నజరేయులు'. అపొస్తలుల కార్యములు 24లో తెర్తుల్లు అనే వకీలు పౌలును నజరేయుల మతభేదానికి నాయకుడని నిందిస్తాడు. ఆ పేరు కూడా చచ్చిపోలేదు. హెబ్రీ, అరబ్బీ భాషల్లో దాని రూపాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. 2014లో మోసుల్ నగరంలో ఐసిస్ మూక క్రైస్తవుల ఇళ్ల గోడల మీద రాసిన అరబ్బీ అక్షరం ఆ పేరులోని మొదటిదే.

క్రైస్తవులు అనే మాట కట్టు చూస్తే గ్రీకు కన్నా లాటిన్ పోకడ ఎక్కువ. సీజర్ పక్షం వాళ్లను, పాంపే పక్షం వాళ్లను రోమన్లు ఇలాగే నాయకుడి పేరు చివర ఒక ప్రత్యయం తగిలించి పిలిచేవారు. సువార్తల్లో కనిపించే హేరోదీయులు కూడా ఈ అచ్చులోదే. మన పేపర్లలో ఫలానా ఎమ్మెల్యే 'వర్గీయులు' అని రాస్తారే, సరిగ్గా అలాంటిది. బిరుదును మనిషి పేరనుకుని, వీళ్లంతా క్రీస్తు అనేవాడి వర్గం అనుకున్నారన్నమాట. అందులో కొంచెం వెటకారం, కొంచెం అనుమానం రెండూ ఉండి ఉంటాయి. అంతియొకయ వాళ్లకు నోటిదురుసు ఎక్కువే. మూడు శతాబ్దాల తర్వాత జూలియన్ చక్రవర్తి వచ్చి మకాం పెడితే ఆయన గడ్డం మీద కూడా జోకులేశారు. ఆయన ఉడుక్కుని దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ జూలియన్ కూడా పట్టుబట్టి క్రైస్తవులను 'గలిలీయులు' అనేవాడు. పేరుతో మనిషిని చిన్నబుచ్చడం అన్ని కాలాల్లోనూ ఉంది.

మన పుల్పిట్ల మీద తరచూ వినిపించే రెండు మాటల్ని ఇక్కడ పక్కన పెట్టాలి. ఒకటి, క్రైస్తవుడంటే 'చిన్న క్రీస్తు' అని. వినడానికి బాగుంటుంది, ప్రసంగానికి పనికొస్తుంది, కానీ ఆ ప్రత్యయానికి అలాంటి అర్థం లేదు. ఫలానా వాడికి చెందినవాడు, ఫలానా వాడి పక్షం అనే అంతవరకే. రెండోది, దేవుడే ఈ పేరు పెట్టాడని. యెషయా 62:2లో దేవుడు కొత్త పేరు పెడతాడని ఉంది, పైగా 'అనబడిరి' అన్నచోట ఉన్న గ్రీకు క్రియ కొన్నిచోట్ల దైవ సందేశానికి వాడతారు, కాబట్టి ఇది దైవనిర్ణయం అని వాదిస్తారు. అయితే అదే క్రియ రోమా 7:3లో ఒక స్త్రీ వ్యభిచారిణి అనిపించుకుంటుందని చెప్పడానికి వాడారు. అక్కడ దైవ సందేశమేమీ లేదు. లోకంలో పడ్డ పేరు అని చెప్పడానికి అది మామూలు మాట. భక్తి కోసం ఈ వాక్యం మీద ఇంత బరువు మోపనక్కర్లేదు.

రెండో చోటు రాజదర్బారు. కైసరయలో ఖైదీగా ఉన్న పౌలు, గవర్నరు ఫేస్తు, రెండో అగ్రిప్ప రాజుల ముందు తన కథ చెప్పుకుంటాడు. చివరికి అగ్రిప్ప, ఇంత సులువుగా నన్ను క్రైస్తవుణ్ని చేద్దామనుకుంటున్నావా అంటాడు (26:28). అది నిజంగా కదిలిపోయి అన్నాడా, ఎగతాళికి అన్నాడా అనేది వ్యాఖ్యాతల మధ్య తేలని తగవు. నాకు ఎగతాళిగానే వినిపిస్తుంది. ఆయన మహా హేరోదు మునిమనవడు. హేరోదీయులు అనే వర్గమే తన వంశం పేరు మీద ఉంది. ఒక నాయకుడి వర్గీయులంటే ఏంటో ఆయనకు బాగా తెలుసు, నీ నాయకుడి పార్టీలో నన్ను కలుపుకుంటావా అన్నట్టుంది ఆ మాట. పౌలు జవాబు ఇంకా గమనించదగ్గది. మీరంతా ఈ సంకెళ్లు తప్ప నాలాగే ఉండాలని కోరుకుంటున్నాను అన్నాడే గానీ, రాజు వాడిన ఆ పేరును మళ్లీ ఉచ్చరించలేదు.

మూడోది అన్నిటికన్నా బరువైనది. మొదటి పేతురు 4:15లో నరహంతకుడిగానో దొంగగానో దుర్మార్గుడిగానో ఎవరూ శ్రమపడొద్దు అని చెప్పి, వెంటనే 16లో క్రైస్తవుడైనందుకు బాధ పడితే మాత్రం సిగ్గుపడక్కర్లేదు, ఆ పేరునుబట్టే దేవుణ్ని మహిమపరచాలి అంటుంది పత్రిక. హంతకుడు, దొంగ, ఆ వరసలోనే క్రైస్తవుడు! అంటే అప్పటికి అది ఎఫ్ఐఆర్‌లో రాసే నేరం పేరులా మారిపోయింది. అవమానంగా విసిరిన మాటను కిందపడేయకుండా పట్టుకుని ఒంటి మీద వేసుకోమంటున్నాడు పేతురు.

ఈ పత్రిక ఎవరికి రాశారో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల వాళ్లకు. పొంతు, బితూనియలకు గవర్నరుగా వచ్చిన చిన్న ప్లినీ క్రీ.శ. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. అందులో ఆయన సందేహం ఇది: ఏ నేరమూ చేయకపోయినా ఆ పేరు ఉంటే చాలు శిక్షించాలా, లేక పేరుతో ముడిపడ్డ నేరాలుంటేనే శిక్షించాలా? తేలేలోపే పని మొదలుపెట్టేశాడు కూడా. క్రైస్తవుడివా అని మూడుసార్లు అడిగేవాడు. అవునని పట్టుబట్టినవాళ్లను చంపించాడు, రోమన్ పౌరులైతే రోముకు పంపాడు. కాదని, చక్రవర్తి విగ్రహానికి ధూపం వేసి క్రీస్తును తిట్టినవాళ్లను వదిలేశాడు. విచారించి ఆయన కనిపెట్టిందల్లా, వాళ్లు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కూడి పాట పాడతారనీ, దొంగతనం వ్యభిచారం చేయబోమని ఒట్టు పెట్టుకుంటారనీ, తర్వాత మళ్లీ కలిసి మామూలు తిండే తింటారనీ. ఇంకేమైనా రాబట్టాలని ఇద్దరు దాసీ స్త్రీలను హింసించాడు, కొత్తగా ఏమీ తేలలేదు. ట్రాజన్ జవాబు అధికారులకు నచ్చే రకం: వాళ్లను వెతకొద్దు, ఎవరైనా ఫిర్యాదు చేసి రుజువైతే శిక్షించు, ఆకాశరామన్న ఉత్తరాలు పట్టించుకోకు. నేరస్తులైతే వెతకరెందుకు, కాకపోతే శిక్షెందుకు అని క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ తర్వాతి కాలంలో ఆ తర్కాన్ని ఉతికి ఆరేశాడు.

రోమన్లకు ఆ పేరు సరిగ్గా పలకడం కూడా రాలేదన్నది చిన్న తమాషా. గ్రీకులో 'క్రేస్తోస్' అంటే మంచివాడు, బానిసలకు తరచూ పెట్టే పేరు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోము నుంచి వెళ్లగొట్టడానికి 'క్రేస్తుస్' అనేవాడు రేపిన అల్లర్లే కారణమని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. అది క్రీస్తు పేరే తప్పుగా పడిందని చాలామంది పండితుల ఊహ. నీరో చక్రవర్తి క్రీ.శ. 64 నాటి రోము అగ్నిప్రమాదాన్ని ఎవరి మీద తోశాడో చెప్పిన చరిత్రకారుడు టాసిటస్ పుస్తకపు చేతిరాత ప్రతిలో కూడా మొదట 'క్రేస్తియానులు' అని ఉన్న అక్షరాన్ని దిద్దిన జాడ ఉంది. సినాయ్ ప్రతి అనే పాత గ్రీకు చేతిరాత బైబిల్లో అయితే బైబిలు వచనాల్లోనే ఆ స్పెల్లింగ్ ఉంది. మీరు తప్పు పలికినా మా పేరు మంచితనం అనే వస్తుంది కదా అని తెర్తుల్లియన్ దీన్ని కూడా వదల్లేదు.

లోపలివాళ్లు ఈ పేరును ధైర్యంగా తమది చేసుకున్నది రెండో శతాబ్దంలో. మొదలుపెట్టినవాడు అంతియొకయ బిషప్పే కావడం విశేషం. ఇగ్నేషియస్ రోముకు మరణశిక్షకు వెళ్తూ రాసిన ఉత్తరాల్లో, క్రైస్తవులని పిలిపించుకోవడమే కాదు అలా ఉండాలి కూడా అంటాడు. క్రైస్తవం అనే మాట మనకు మొదట దొరికేది కూడా ఆయన రాతల్లోనే. 177లో లియోన్‌లో సాంక్టస్ అనే డీకన్, పేరేంటి, ఊరేంటి, దాసుడివా స్వతంత్రుడివా అని ఎన్ని అడిగినా 'నేను క్రైస్తవుణ్ని' అనే ఒక్క జవాబే చెప్పాడని ఆ సంఘం ఉత్తరం చెబుతుంది. వంశం, ఊరు, హోదా అన్నిటి స్థానంలో ఆ ఒక్క పేరు. అంతియొకయ బల్ల దగ్గర మొదలైంది అక్కడిదాకా వచ్చింది.

తెలుగు నేల మీద ఈ పేరు తిరిగిన దారి వేరు. ఊళ్లలో సంఘస్తులు తమను 'విశ్వాసులం' అనే ఎక్కువగా చెప్పుకుంటారు. అపొస్తలుల కాలపు అలవాటే అది, తెలిసి చేసినా తెలియక చేసినా. బయటివాళ్లు 'కిరస్తానీలు' అన్నప్పుడు అందులో పాత అంతియొకయ వెటకారం పోలేదు. ఇక లోపల మళ్లీ లూథరన్ వాళ్లు, బాప్టిస్టులు, ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అంటున్న కొరింథీయులను పౌలు మందలించింది ఈ అలవాటుకే. మార్టిన్ లూథర్ కూడా 1522లోనే, నా పేరు పెట్టుకోకండి, క్రైస్తవులనే పిలుచుకోండి అని వేడుకున్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు.

అయితే ఇక్కడ ఆ పేరు అసలు బరువు తెలిసేది గుడిలో కాదు, తహసీల్దారు ఆఫీసులో. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. వాళ్ల వారసుల్లాంటి లక్షల మందికి ఎస్సీ కులాల జాబితా ఇచ్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఒక షరతు పెట్టింది. హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ క్రైస్తవులైన ఎస్సీలకు దక్కేది బీసీ-సి, దానికి ఒక్క శాతం రిజర్వేషన్. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం ఆచరిస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఎస్సీగా రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. తిరిగి హిందువుగా మారి, కులం వాళ్లు ఒప్పుకుంటే హోదా తిరిగొస్తుందని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పి ఉంది. ప్లినీతో పోలికను మరీ లాగకూడదు, ఇక్కడ ఎవరి ప్రాణమూ తీయడం లేదు. కానీ ప్రశ్న మాత్రం అదే ప్రశ్న: నువ్వు ఏం చేశావని కాదు, నీ పేరేంటి అని. అందుకే సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరుతో బతికే కుటుంబాలు మనకు కొత్తకాదు. వాళ్లను అబద్ధికులనడం తేలిక. ఆ అబద్ధాన్ని తప్పనిసరి చేసిన పేరాను ప్రశ్నించడం కష్టం.

ఆ పేరా వెనకున్న వాదన, క్రైస్తవంలో కులం లేదు కాబట్టి కులం బాధకు పరిహారమూ అక్కర్లేదు అని. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది ఈ విషయాన్ని తేల్చమనే. మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి ఉన్న ఊళ్లు ఎన్ని లేవు? ఇక్కడ సమాధుల దొడ్లకు కూడా గోడలున్నాయి. మతం మారితే కులం పోతుందన్న చట్టం నమ్మకం ఎంత తప్పో ఆ గోడలే చెబుతాయి. కమిషన్ ముందు సంఘాలు ఆ మాట గట్టిగా చెప్పాలంటే, ఆ గోడలు తమవేనని ముందు ఒప్పుకోవాలి. ఆ సాక్ష్యం ఇవ్వడానికి మన బిషప్పుల్లో ఎంతమంది సిద్ధంగా ఉన్నారో నాకు అనుమానమే.