చెత్తగుట్ట మూశాక ఆ నేల ఎవరిది?

హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డును ఎప్పుడు మూస్తారని ఎన్నికలు వచ్చినప్పుడల్లా జనం నిలదీస్తారు. త్వరలోనే అన్న జవాబు కూడా వస్తుంది. మూసిన మర్నాటి నుంచి ఆ దాదాపు 340 ఎకరాలు ఎవరి చేతిలో ఉంటాయని మాత్రం ఎవరూ అడగరు. అడగాలి, అదీ ఇప్పుడే అడగాలి. ఆఖరి టిప్పర్ వెళ్లిపోయేదాకా ఆగితే, అప్పటికే ఏదో ఒక కన్సల్టెంట్ రంగురంగుల నమూనా గీసి పెట్టుకుని ఉంటాడు. ఆ నేల మీద తొలి హక్కు చుట్టుపక్కల బస్తీలదని, దాన్ని అమ్మడానికీ లీజుకివ్వడానికీ వీల్లేదని మూసివేతకు ముందే ప్రభుత్వం రాసివ్వాలి.

నేపథ్యం తెలిసిందే. రెండు దశాబ్దాలుగా నగరం చెత్తంతా మోసిన చోటు అది. 1.2 కోట్ల టన్నుల పాత గుట్టకు 2020 నాటికి మూత వేశారు. అదే ఏడాది చెత్తతో నడిచే 19.8 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు కూడా మొదలైంది. అయినా రోజుకు వేల టన్నుల కొత్త చెత్త వస్తూనే ఉంది. వాన పడిన సాయంత్రం దమ్మాయిగూడ, నాగారం ఇళ్లలో కిటికీలు మూసుకుంటూనే ఉన్నారు.

వాసన గురించి చాలామంది రాశారు. ఓటు గురించి రాసినవాళ్లు తక్కువ. చెత్త పంపింది హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ. జవహర్‌నగర్, దమ్మాయిగూడ, నాగారం మాత్రం 2025 చివర్లో విలీనమయ్యేదాకా దాని పరిధిలోనే లేవు. ఆ చెత్త గురించి తీర్మానాలు చేసిన కార్పొరేటర్లలో ఒక్కరిని ఎన్నుకునే హక్కూ, ఓడించే హక్కూ దాని పక్కన బతికినవాళ్లకు లేకపోయింది. బంజారాహిల్స్‌లో రెండు రోజులు చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో రాకపోతే అక్కడి ఓటరు తన కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తాడు. ఆ చెత్త చివరికి చేరే చోట ఉన్న మనిషి ఎవరికి చేయాలి? యార్డు మా పరిధిలో లేదు అనడం తప్ప స్థానిక పాలకులు మాత్రం ఏం చెప్పగలరు?

ఫలితం యార్డు పక్కనే ఉన్న మల్కారం చెరువును అడిగితే తెలుస్తుంది. గుట్ట నుంచి కారిన నల్లని ఊట ఏళ్ల తరబడి అందులో చేరింది. దాన్ని శుద్ధి చేసే పెద్ద ప్లాంటు 2023లో గాని రాలేదు. మనది గట్టి రాతి నేల. భూమిలోకి దిగిన నీరు రాతి పగుళ్ల వెంట పోతుంది కాబట్టి, ఏ బోరులో ఎప్పుడు తేలుతుందో చెప్పడం కష్టం. పక్కింటి బోరు తేటగా ఉండగానే మన బోరులో పచ్చటి నీళ్లు రావచ్చు.

ఇక మూత సంగతి. చెత్తను వాలుగా సర్ది, దాని మీద మట్టి, ఆ పైన నీరు దిగని పొర, పడిన వానను పక్కకు పంపే పొర, అన్నిటికన్నా పైన గడ్డి మొలిచే మట్టి వేస్తారు. మధ్యమధ్య గొట్టాలు నిలబెడతారు. లోపల కుళ్లుతున్న చెత్త నుంచి మీథేన్ అనే మండే వాయువు పుడుతూనే ఉంటుంది మరి. కుళ్లేకొద్దీ గుట్ట కుంగుతుంది, అదీ ఒక చోట జానెడు, ఇంకో చోట మూరెడు. అలాంటి చోట గడ్డి, పొదలు పెంచవచ్చు. రావి మొక్క నాటితే దాని వేరు కింది పొరను చీల్చవచ్చు. (మంత్రులతో మొక్కలు నాటించే అధికారులు ఇది గుర్తుంచుకుంటే మేలు.) నడక దారి వేయవచ్చు, ఫంక్షన్ హాలు కట్టకూడదు.

మూసిన తర్వాత కనీసం 15 ఏళ్లు కనిపెట్టి ఉండాలని, వాయువులు, ఊట, నేల పటుత్వం సరిగా ఉన్నాయని తేలితేనే నివాసాల వంటి వాటిని పరిశీలించవచ్చని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. జాగ్రత్త కోసం పెట్టిన ఆ గడువును రియల్ ఎస్టేట్ కళ్లు ముహూర్తంగా చదువుతాయి. ముంబైలోని మలాడ్‌లో పాత డంపు మీద కార్యాలయ భవనాలు లేచాయి. కొన్నాళ్లకు అక్కడి కంప్యూటర్లు పదే పదే పాడవడం మొదలైంది. నేల కింది నుంచి వచ్చే వాయువులే అందుకు కారణంగా కనిపించాయి. లోహాన్ని తినేసే గాలిని అక్కడి ఉద్యోగులూ పీల్చారు.

నాది అతి అనుమానం అనుకునేవాళ్లు కోకాపేటను గుర్తు చేసుకోవాలి. 2023 వేలంలో అక్కడ ఎకరం వంద కోట్లు దాటింది. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. పార్టీలు మారినా, ఖజానా బోసిపోయినప్పుడు మొదట తడిమేది ప్రభుత్వ భూమినే.

ముందు చెత్త ఆపండి, పార్కుల ముచ్చట తర్వాత అనేవాళ్లున్నారు. తడి, పొడి చెత్తను ఇంట్లోనే వేరు చేయకపోతే, రోజువారీ చెత్తకు మరో దారి చూపకపోతే మూసివేత మాటగానే మిగులుతుందని వాళ్లంటారు. నిజమే. కానీ భూమి మీద హక్కు రాసివ్వడానికి చెత్త ఆగేదాకా ఆగడం ఎందుకు?

పైగా ఆ మరో దారి దొరకాలన్నా ఈ హామీ అవసరం. సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో యార్డు పెట్టబోతే 2025లో నల్లవల్లి, ప్యారానగర్ జనం రోడ్డెక్కారు. వాళ్లకు అభివృద్ధి వ్యతిరేకులన్న ముద్ర వేయడం తేలిక. వాళ్లు చేసిందల్లా జవహర్‌నగర్‌ను చూడటం. శాస్త్రీయంగా నిర్వహిస్తాం, వాసన రాదు అన్న మాట అక్కడ ఎంత నిలిచిందో చూశారు. ఇన్నేళ్లు భరించిన ఊరికి చివరికి ఏం దక్కిందని అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏముంది? జవహర్‌నగర్‌కు బాకీ తీర్చకుండా ఇంకో ఊరిని అప్పు అడిగే ముఖం ఈ నగరానికి లేదు.

అసలు మన నగరంలో పచ్చదనం ఎవరి వాటా, చెత్త ఎవరి వాటా అన్నది ఎప్పుడో తేలిపోయింది. జూబ్లీహిల్స్ మధ్యలోని కేబీఆర్ పార్కూ, ఈ డంపింగ్ యార్డూ విస్తీర్ణంలో రమారమి సమానం. కేబీఆర్ చుట్టూ చెట్ల మీద చెయ్యి పడితే గొడవ కోర్టులదాకా వెళుతుంది, వెళ్లాలి కూడా. తూర్పు అంచున మాత్రం పేదల డబుల్ బెడ్‌రూం ఇళ్లను సైతం ప్రభుత్వమే అహ్మద్‌గూడలో, యార్డుకు దగ్గరగా కట్టింది. సియోల్ నగరం నాంజిడో చెత్తగుట్టలను 1993లో మూసి, 2002 నాటికి పార్కుగా తెరిచింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ కాదనడానికి సాంకేతిక కారణం నాకు కనిపించడం లేదు.

నగరాన్ని ఎన్ని కార్పొరేషన్లుగా విడదీసినా జవహర్‌నగర్ వార్డులకు ఇప్పుడు బేరమాడే బలం వచ్చింది. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థి చేతా కొన్ని షరతులకు సంతకం పెట్టించుకోవచ్చు. ఆ నేల శాశ్వతంగా ప్రజా వినియోగానికే అని రికార్డుల్లోకి ఎక్కాలి. వార్డు కమిటీ ఒప్పుకోనిదే నమూనా ఖరారు కాకూడదు. బోరు నీళ్ల పరీక్షల ఫలితాలను నెలనెలా వార్డు కార్యాలయం గోడకు తెలుగులో, ఉర్దూలో అంటించాలి. గడ్డి పెంచడానికీ, గొట్టాలు కనిపెట్టుకుని ఉండటానికీ మనుషులు కావాలి కదా, ఆ ఉద్యోగాలు ఇన్నాళ్లూ ఆ గుట్ట మీద చెత్త ఏరుకుని బతికినవాళ్లకే ముందు ఇవ్వాలి.